గిగిల్ అంటే ఏ చప్పుడు?

నెట్ సెంటర్ మూసేలోగా ఇది రాసేయాలి. ఈ రోజు తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పాఠంలో ‘గిగిల్’ అనే మాట వచ్చింది. కిసకిసా నవ్వడమని పిల్లలకు చెప్పేశాను గానీ, అది ఎలా పుట్టిందో నాకే తెలియదు. స్టాఫ్ రూమ్‌లో డిక్షనరీ తీస్తే, నవ్వు చప్పుడులోంచే పుట్టిందని ఉంది. మన కిసకిసలూ అంతే కదా! మరి వాళ్ళకు గిగిల్ అని ఎలా వినబడిందో?

నర్సీపట్నంలో ఎవరిని అడగను? ఇంటికొచ్చి మా అత్తయ్యగారినే ఒకసారి నవ్వి చూపించమన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. భుజాలు ఊగాయి గానీ చప్పుడు రాలేదు.

“కొంగు తియ్యండత్తయ్యా, వినబడాలి.”

“మీ మావయ్యగారు అరుగు మీదున్నారమ్మా. ఇనపడితే ఏటనుకుంటారు?” అని, ఆయన వైపు తిరిగి, “ఏవండీ, బేగెల్లి కరేపాకు తెండి!” అన్నారు.

ఆయన వీధిలోకి దిగగానే అత్తయ్యగారు కొంగు వదిలేసి భళ్ళున నవ్వారు. కిసకిసా కాదు, గిగిలూ కాదు.

మలుపు దాకా వెళ్ళిన మావయ్యగారు గబగబా వెనక్కి వచ్చి లోపలికి తొంగిచూశారు.

“ఎవులమ్మా వొచ్చేరు? కొత్త గొంతు ఇనపడింది.”

నలభై ఏళ్ళ కాపురం వాళ్ళది. మీ అమ్మ నవ్వు ఎలా వినబడుతుందో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి.