ఇంటి సముద్రంలో చిల్లుకాణీ

“ఈసారి ఆ తొట్టిలో నీళ్ళు నానే పోసుకుంటాను. నువ్వు సెయ్యి పెట్టకు. బస్.”

“రాగి బిందిలో నీళ్ళు నాను పొయ్యలేదని ఎన్ని మార్లు సెప్పాలండీ?”

“అమ్మ సూసింది కదా.”

“అయితే అత్తమ్మనే అడగండి. ఇప్పుడే, నా ఎదురుగా అడగండి.”

నా కొడుకూ కోడలూ ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. మనవరాలు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇంట్లో మళ్ళీ సముద్రపు చేపల తొట్టి పెడదామని ఈ మాట ఎత్తింది అదే. “పాత గొడవ ఇప్పుడెందుకు, కుక్కర్ సూడండి” అన్నాను. కుక్కర్ ఇంకా పొయ్యి మీదికి ఎక్కనే లేదు.

ఒక అబద్ధం ఏళ్ళుగా మోశాను. తూస్తే ఒక చిల్లుకాణీ ఎత్తు ఉంటుంది. ఆ రోజుదాకా దాన్ని దించుకోవడం నాకు చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే రాయగలుగుతున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

కలకత్తాకి దగ్గర్లోని రైల్వే ఊరు మాది, న్యూ సెటిల్‌మెంట్‌ అనే పేటలో రైల్వే క్వార్టర్. మా ఆయన నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో పని చేసి కాలం చేశారు. కొడుకు రైల్వే ఆఫీసులో గుమస్తా, కోడలు బడిలో టీచరు. నేను గట్టిదాన్నని పేరు. కింద మనిషి లేకపోతే ఫ్యాను ఆగాలి. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి చేరాలి. ఒక్క వస్తువు వృథా అయితే ఎవరు చేశారో తేలేదాకా నేను ఊరుకునే రకం కాదు.

అలాంటి ఇంట్లో కొడుకు ఉప్పునీళ్ళ తొట్టి పెడతానన్నాడు. నెలల తరబడి అదే ధ్యాస. ఎక్కడ పెడితే ఎండ పడదు, బల్ల అంత బరువు ఆపుతుందా, కరెంటు పోతే నీళ్ళు తిప్పేదెలా. మా ఊరి గోల్‌బజార్ నిండా ఉప్పు ఉండగా కలకత్తా నుంచి వేరే ఉప్పు తెప్పించాడు, సముద్రంలో ఉండేవన్నీ అందులో ఉంటాయట. బకెట్లో కలిపి, కొలిచే గొట్టం ముంచి చూసి, తొట్టిలో పోశాడు. అడుగున తెల్ల ఇసుక, దాని మీద బొరియలు బొరియలుగా ఉన్న రాళ్ళు. చేపలేవిరా అంటే, నీళ్ళు ముందు పండాలి, వాటిలో కంటికి కనపడని మంచి క్రిములు పెరగాలి, వారాలు పడుతుంది అన్నాడు. ఎసరు పెట్టి బియ్యం వెయ్యని ఇల్లు మనదొక్కటేరా అన్నాను.

నోటితో అలా అన్నానే గాని, అందరూ పనులకి వెళ్ళాక పీట లాక్కుని ఆ రాళ్ళ ఎదుట కూర్చునేదాన్ని. వట్టి రాయి అనుకున్నదాంట్లోంచి ఒకరోజు ఈకలాంటిది బయటికొచ్చింది. నా నీడ పడగానే సర్రున లోపలికి పోయింది. అదేమిటి? ఎన్నాళ్ళుగా ఆ రాతిలో ఉంది? ఏం తిని బతుకుతోంది? ఎవరినీ అడగలేదు. అడిగితే నాకూ ఆ పిచ్చి పట్టిందంటారు.

నీళ్ళు పండాక ముందు నత్తలు వచ్చాయి, అద్దం మీది పాచి నాకడానికి. తర్వాత శంఖంలో కాపురముండే పీత. కొడుకు దాని పక్కన పెద్ద శంఖం ఒకటి ఖాళీది పెడితే, చుట్టూ తిరిగి, కాలితో కొలిచి, వద్దనుకుని వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి చటుక్కున అందులోకి మారిపోయింది. ప్రమోషన్ వచ్చినవాళ్ళు పెద్ద క్వార్టర్‌కి మారినట్టే. ఆ తర్వాత ఎర్ర చారల రొయ్య, జంటగా నారింజరంగు చేపలు. అన్నిటికీ ఆఖరున పగడాలు.

పగడమంటే నాకు తెలిసింది నా పుస్తెల పక్కన గుచ్చి ఉండేదే. రాయనుకునే మెడలో వేసుకున్నాను. తొట్టిలో పగడం మాత్రం లైటు వెయ్యగానే సన్నటి వేళ్ళు చాచేది, తీసెయ్యగానే ముడుచుకునేది. ఇది ప్రాణి అయితే, నా మెడలో అన్నాళ్ళు ఉన్నది ఎవరి ఇల్లు? ఆ ఆలోచన వచ్చిన రోజు వంట ఆలస్యమైంది.

తొట్టిలో నీళ్ళు ఆవిరైపోతుంటే, తగ్గినంత మేర మంచినీళ్ళు పోయాలి. ఉప్పు ఎటూ పోదు కనుక ఉప్పు కలపకూడదు. ఆ పని కోడలిది. ఫిల్టరు నీళ్ళు విడిగా ఒక క్యానులో పట్టుకుని, గిన్నెతో కొంచెం కొంచెంగా పోసేది. రొయ్య వచ్చి ఆమె వేలి మీదికి ఎక్కేది. తొట్టి కొడుకు పెట్టాడు గాని, దాన్ని సాకింది కోడలు.

ఇక నా పని చెబుతాను.

మా ఊరివైపు నుంచి రైల్లో ఇక్కడికి వస్తుంటే దారిలో నదులు తగులుతాయి. వంశధార, మహానది, సువర్ణరేఖ. వంతెన మీద చక్రాల మోత మారగానే కాసు కళ్ళకద్దుకుని కిటికీలోంచి వెయ్యాలి. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారు దారానికి గుచ్చిన చిల్లుకాణీలు నా చేతిలో పెట్టారు. ఎప్పుడో చెల్లకుండా పోయిన రాగి కాసులు. చెల్లుతుందో లేదో నదికేం తెలుసు అని నేను కూడా అవే వేసేదాన్ని.

ఒక ఉదయం ఇంట్లో ఎవరూ లేరు. పగడాలు నిండుగా విచ్చుకున్నాయి. నదికి వేసినదాన్ని, సముద్రమే నడిచొచ్చి ఇంట్లో కూర్చుంటే వెయ్యకుండా ఎలా ఉంటాను? దీన్ని భక్తి అనుకోవచ్చు. కాదేమో. కాసు పడితే చేపలు దగ్గరికొస్తాయా, పీత దాన్ని ఎత్తుకుపోతుందా అని చూడాలనిపించింది, అది నిజం. దారంలో మిగిలిన ఆఖరి కాణీ తీసి, కళ్ళకద్దుకుని వేశాను. తిరుగుతూ తిరుగుతూ దిగి రాళ్ళ సందులోకి జారిపోయింది. ఒక చేప వచ్చి చూసి పోయింది. నేను లేచి అంట్లు తోముకున్నాను.

కొన్నాళ్ళకి నత్తలు అద్దం మీంచి రాలిపోయాయి. రొయ్య పక్కకి ఒరిగిపోయింది. పీత శంఖంలోంచి సగం బయటికి వేలాడింది. పగడాలు ముడుచుకున్నవి మళ్ళీ తెరుచుకోలేదు. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. కోడలు అన్నం సరిగా తినలేదు. నాకు అప్పటికి నిజంగా ఏమీ తెలియదు, ఈ ఒక్క మాట నమ్మండి. కొడుకు సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని కలకత్తాలో చేపలు కొన్న కొట్టుకి వెళ్ళాడు. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే అన్నాడు:

“నీళ్ళల్లో రాగి ఉందట. సేపలు తట్టుకుంటాయి గాని మిగతావి సచ్చిపోతాయట. ఇంట్లో రాగి ఎక్కడుందని ఆ కొట్టు దాదా అడిగినాడు.”

వంటింట్లో మేం తాగే నీళ్ళ రాగి బిందె ఉంది. వాడు దాన్ని చూసి, కోడలిని చూశాడు.

“క్యానులో నీళ్ళే పోసినానండి. ఒట్టు.”

“అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. ఏటైనా సూసినావా?”

“సూసినాను. క్యాను నిండుకుంటే బిందిలో ముంచి పోసింది.”

అదీ నా అబద్ధం. రాగి అన్న మాట వినగానే నాకు కాణీ గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే ఆ మాట అన్నాను. తెలియదు అంటే సరిపోయేది కదా? క్యాను నిండుకుందన్న సంగతి నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ప్రతి వృథాకీ ఒకరిని నిలబెట్టి అడిగే మనిషిని, నన్ను నిలబెట్టి అడుగుతారన్న భయమా, లేక రొయ్య ఆమె వేలి మీదికే ఎక్కి నా వేలి మీదికి ఎక్కలేదన్న కుళ్ళా? ఎన్నిసార్లు తవ్వినా ఒకసారి ఇది, ఒకసారి అది పైకొస్తోంది.

 మర్నాడు కోడలు తన కోసం ఒక స్టీలు బిందె తెచ్చుకుంది. అప్పటి నుంచి మా వంటింట్లో రెండు బిందెలు. చుట్టాలొస్తే నా కొడుకు “నీళ్ళ పని మాత్రం మా ఆవిడకి సెప్పకండి” అని నవ్వించేవాడు. నేనూ నవ్వాను. చేపలని కొట్టుకి ఇచ్చేశాడు. రాళ్ళూ ఇసుకా పారేస్తుంటే, డబ్బు పెట్టి కొన్నవి పారెయ్యడమేమిటని నేనే ఆవనూనె డబ్బాలో పోయించి అటక ఎక్కించాను. కాణీ అందులోనే ఉండిపోయింది. వెతికితే ఎవరైనా చూస్తారని వెతకలేదు.

ఇప్పుడు మనవరాలికి తొట్టి కావాలి. పాత రాళ్ళు ఉన్నాయి కదా, మళ్ళీ కొనడమెందుకు అన్నాడు కొడుకు. నా పెంపకం. చిక్కుడుకాయలు అయిపోయేసరికి మనవరాలు స్టూలెక్కి డబ్బా దించుతోంది. ఆ రాళ్ళు నీళ్ళలో పడితే కాణీ కూడా పడుతుంది. మళ్ళీ నత్తలు రాలతాయి. మళ్ళీ అందరూ కోడలి వైపు చూస్తారు. అప్పుడు కూడా నేను కుక్కర్ చూడమంటానా?

“ఆగవే. అందులో నాను ఏసిన రాగి కాణీ ఉంది. మీ అమ్మ క్యానులో నీళ్ళే పోసింది. నానేటీ సూడలేదు.”

కొడుకు మంచం మీద కూర్చుండిపోయాడు. మనవరాలు ఫోనులో వెతికి, ఆ రాళ్ళు రాగిని పీల్చుకుని ఉంటాయట, ఇంక పనికిరావట అని మెల్లగా చెప్పింది. కోడలు నన్ను ఒక్కటే అడిగింది: “ఎందుకత్తమ్మా?”

చెప్పలేకపోయాను. చెప్పలేకే ఇది రాస్తున్నాను. రాసినా జవాబు దొరకలేదు. అయితే చెప్పిన దగ్గర్నుంచి గుండెల్లో ఒక మూల ఖాళీ అయింది. అది సుఖమో కాదో ఇంకా తేలలేదు.

మర్నాడు ఉదయం కోడలు ఆ డబ్బాని పెరట్లో తవ్విన గుంత దగ్గరికి ఈడ్చుకెళ్తోంది. నేను వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను.  బోర్లిస్తే రాళ్ళతో పాటు కాణీ కూడా పడింది, పచ్చగా పెచ్చులు కట్టి. ఆమె దాన్ని ఎత్తి, చిల్లులోంచి వెలుతురుకేసి ఒకసారి చూసి, గుంతలో వేసేసింది. ఇద్దరం గుంత మీదికి మట్టి లాగాం. లోపలికొచ్చి చేతులు కడుక్కుని, నాకు రాగి బిందెలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చింది. తను స్టీలు బిందెలోంచే ముంచుకుని తాగింది.