పచ్చివాసన పోయేదాకా

ఒక పెద్దాయన ఏడాదంతా నీళ్ళు పోసి పెంచుకున్న సువాసనని, ఒక్క చెంచా నెయ్యితో పది నిమిషాల్లో మట్టుపెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుణ్ణి నేనే. ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. కాకపోతే మా ఆవిడ నవ్వినంత నవ్వకండి, ఆవిడ ఇంకా ఆపలేదు.

డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం మేము. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ముందే చెప్తున్నాను, నేను తాగుబోతుని కాదు. తాగడం కంటే వాసన చూడటం మీద నాకు మోజు. ఎవరింటికెళ్ళినా వంటగదిలో డబ్బాల మూతలు తీసి ముక్కు పెట్టేస్తాను. అమలాపురంలో మొదలైన ఈ జబ్బు అమెరికా వచ్చినా తగ్గలేదు. మా పక్కింటి డెనిస్‌కి నేనంటే ఇష్టం కలగడానికి కారణం కూడా ఇదే.

డెనిస్ కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. గరాజ్‌లో సొంతంగా బీరు కాస్తాడు. బీరుకి చేదునీ, సువాసననీ ఇచ్చేది హాప్స్ అనే పువ్వు. బొటనవేలంత ఉంటుంది, ఆకుపచ్చ రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. దాని తీగ డెనిస్ పెరట్లో తాళ్ళు పట్టుకుని రెండో అంతస్తు కిటికీదాకా పాకింది. ఏటా ఆ పువ్వుతో ఒక బీరు కాచి, అక్టోబరులో పాత ఆఫీసు స్నేహితులను గరాజ్‌కి పిలిచి పోస్తాడు. వాళ్ళు ఏడాదంతా దానికోసమే ఎదురుచూస్తారు. ఆ ఏడాది ఆయన భుజానికి సర్జరీ అయింది. మరుగుతున్న కుండ ఎత్తడానికి వీల్లేదు.

"నా పువ్వు నీకిస్తాను. నువ్వు కాస్తావా?" అని అడిగాడు. (డెనిస్ మాటలు ఇంగ్లీషులోవే. తెలుగులోకి నేనే దించుతున్నాను.)

"నేనా? నాకేం తెలుసు?"

"నీకు ముక్కుంది. మిగతాది కాగితం మీద రాసిస్తాను."

ఆరబెట్టిన పువ్వు ఒక గుడ్డసంచిలో పోసి తెచ్చాడు. పురుగులు తినగా మిగిలింది అంతే. "కాస్కేడ్ రకం. ఇది వాసన కోసం, చిట్టచివర వెయ్యాలి. చేదు కోసం మొదట్లో వేసేది వేరే రకం, అది షాపులో కొనుక్కో. ఇది మాత్రం జాగ్రత్త. పోతే మళ్ళీ వచ్చే ఆగస్టుదాకా లేదు."

"నాకు వదిలెయ్యండి డెనిస్," అన్నాను. పాపం, వదిలేశాడు.

బీరు సామాన్లు అమ్మే షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనక మెడమీద పచ్చబొట్టున్న అమ్మాయి నిలబడి ఉంది.

"చేదు కోసం హాప్స్ కావాలి," అన్నాను.

"ఎంత చేదు?"

రెస్టారెంట్లో కూర్చోగానే 'ఇండియన్ స్పైసీ' అని గర్జించే జాతి మనది. "మీ దగ్గర ఉన్నవాటిల్లో అన్నిటికంటే ఎక్కువ చేదుది," అన్నాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "చేదు పందెం కాదండి. ముందు వాసన చూడండి," అని సీసాలు దింపింది. కాస్త అరచేతిలో వేసి నలిపి చూడమంది.

అప్పుడు మొదలైంది నా పండగ. సాజ్ అట, చెక్ దేశానిది. నలిపితే ఎండుగడ్డి, దాని వెనక సన్నగా మిరియం. చినూక్ అని ఇంకోటి, కొత్తగా చెక్కిన బల్ల వాసన. మూడోదాని పేరు గుర్తులేదు గానీ, కళ్ళు మూసుకుంటే మగ్గీ మగ్గని మామిడికాయ. ఒకటే జాతి పువ్వు, ఇన్ని వాసనలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మట్టివా, గాలివా? "ఇంకోటి చూడొచ్చా?" అంటూ షాపులో ఉన్నవన్నీ నలిపాను. చివరికి ఆ అమ్మాయే మాగ్నమ్ అనేది చేతిలో పెట్టి, "మీకిది చాలు. చేదు ఇచ్చి పక్కకి తప్పుకుంటుంది, మీ పక్కింటాయన పువ్వు వాసనకి అడ్డురాదు," అంది. బుద్ధిగా కొనుక్కున్నాను. ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. మీరు ఇక్కడే చదవడం ఆపేస్తే నా పరువు నిలబడుతుంది.

శనివారం పొద్దున్న మాల్ట్ నీళ్ళు, అంటే మొలకెత్తిన బార్లీ నానబెట్టి వడకట్టినవి, పెద్ద కుండలో మరుగుతున్నాయి. మాగ్నమ్ వేశాను. చివర్లో వెయ్యాల్సిన డెనిస్ సంచి విప్పి ముక్కు పెట్టాను. అబ్బ! దబ్బకాయ తొక్క గిల్లినట్టుంది. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది. ఆకు వాసన. మళ్ళీ చూశాను. అనుమానం లేదు, పచ్చివాసన!

తెలుగు పాఠకులకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మసాలా గానీ, అల్లంవెల్లుల్లి గానీ, పచ్చివాసన పోకుండా పొయ్యి దింపితే మనిళ్ళల్లో ఏమవుతుందో మీకు తెలుసు. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్న పాకశాస్త్రం మొత్తం ఆ ఒక్క సూత్రమే.

మా ఆవిడ సుజాతది వరంగల్. ఇద్దరం ఇక్కడే ఎమ్మెస్ కలిసి చదివాం కాబట్టి మా మధ్య గారూ మీరూ లేవు.

"సుజీ, ఇది వాసన చూడు. పచ్చివాసన రావట్లా?"

ఫోన్ నుంచి తలెత్తకుండానే ముక్కు చాపింది. "వస్తది మరి, ఆకు గదా. మెంతికూర ఏం జేస్తం? గోలిస్తం. జెరంత గోలియ్, పోతది."

"డెనిస్ కాగితంలో వేయించమని లేదే?"

"ఆయనకేం ఎర్కనే? వాళ్ళు అన్నీ పచ్చియే తింటరు."

ఆ మాట నాకు ఎంతో సబబుగా తోచింది. బాండీ పెట్టాను. ఒట్టి బాండీలో మాడుతుందని చెంచాడు నెయ్యి వేశాను. సంచి మొత్తం గుమ్మరించి, చిన్న మంట మీద ఓపిగ్గా వేయించాను. మొదట దబ్బవాసన ఇల్లంతా ఘుమ్మంది. ఆహా అనుకున్నాను. అది పువ్వులోంచి వెళ్ళిపోతున్న వాసన అని, ఇల్లు దాటితే మళ్ళీ తిరిగి రాదని నాకు తట్టలేదు. తర్వాత పొగ. తర్వాత స్మోక్ అలారం.

"కిటికీలు తియ్! తలుపు తియ్!" అని సుజాత టవల్ తిప్పుతూ అలారం కింద ఎగురుతోంది. నేను తలుపు తీసేసరికి, వాకింగ్‌కి వచ్చిన డాక్టర్ రావుగారు మా వాకిట్లో ఆగి గాలి పీలుస్తున్నారు. మేమంతా పుట్టకముందే ఇక్కడికొచ్చి స్థిరపడిన పెద్దమనిషి.

"ఏం నాయనా, ఉద్యోగం పోయిందా?"

"లేదండీ! బాగానే ఉంది."

"మరి ఈ వాసనేమిటి? గంజాయి పోపులో వేస్తున్నారటయ్యా?"

"గంజాయి కాదు డాక్టరు గారూ, హాప్స్. దానికి దగ్గర చుట్టమేనట."

"అలాంటి చుట్టాల్ని ఇంట్లోకి ఎందుకు రానిచ్చావు?" అని, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయారు.

నాకు మాత్రం సందేహం లేదు. పచ్చివాసన పోయింది. వేయించిన హాప్స్, నెయ్యితో సహా, కుండలోకి వంపేశాను. చల్లార్చి ఈస్ట్ కలిపాను, పులియబెట్టాను, సీసాల్లో పోశాను. మధ్యలో డెనిస్ కంచె మీదుగా "ఎలా ఉంది?" అని అడిగినప్పుడల్లా, "మీ కాగితంలో ఒక లోపం ఉంటే సరిదిద్దాను, తాగాక చెబుతాను," అన్నాను. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అక్టోబరు వచ్చింది. నేనూ సుజాతా వెళ్ళేసరికి డెనిస్ గరాజ్‌లో అరడజను మంది పాత ఇంజనీర్లు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. "ఈసారి నా పువ్వు, మా పక్కింటాయన చెయ్యి," అని గర్వంగా పరిచయం చేశాడు డెనిస్. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి మూత ఊడదీశాడు. ఒంచితే బీరు రాలేదు. సీసా మెడ దగ్గర తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి పడి, బీరు గ్లాసులోకి దిగింది. నురగ అన్నది ఒక్క బుడగ కూడా లేదు. పైన నేతి పూసలు తేలుతున్నాయి.

డెనిస్ ఒక గుక్క తాగాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బ్రేకు ఫెయిలైన కారు దగ్గర అడిగినట్టు మొదలుపెట్టాడు.

"నురగ ఎందుకు లేదు?"

"నెయ్యి వల్లనేమో."

"నెయ్యి ఎందుకు వేశావు?"

"హాప్స్ వేయించడానికి."

గరాజ్‌లో ఎవరో దగ్గారు. "హాప్స్ ఎందుకు వేయించావు?"

"పచ్చివాసన పోవడానికి."

"పచ్చివాసన ఎందుకు పోవాలి?"

తల గోక్కున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అమ్మ అడగలేదు, నేను అమ్మని అడగలేదు. అసలు ఎందుకు పోవాలి?

"ఆ వాసన కోసమే కదయ్యా నేను తీగ పెంచేది," అన్నాడు డెనిస్ మెల్లగా. తిట్టినా బాగుండేది. ఆయన చేతిలో గ్లాసు చూస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. "సారీ డెనిస్," అన్నాను.

ఆయన గ్లాసు వంక మళ్ళీ చూశాడు. ఇంకో గుక్క తాగాడు. ఇంజనీరు కదా, కుతూహలం ఊరుకోనివ్వదు. "బీరుగా ఇది ఘోరం. సూప్‌గా మాత్రం చెడ్డది కాదు," అనేసరికి గరాజ్ మొత్తం పగలబడి నవ్వింది. వాళ్ళు ఒక్కొక్కరే రుచి చూశారు, ఒకాయన ఉప్పు అడిగాడు. నవ్వు కాస్త తగ్గాక డెనిస్ సుజాత వైపు తిరిగాడు.

"ఇంతకీ మీ ఇంట్లో పచ్చివాసన పోగొట్టకుండా వదిలేసింది ఏదైనా ఉందా?"

గోలించమని చెప్పిన మహాతల్లి, ఏ పాపమూ ఎరగనట్టు నా భుజం మీద చెయ్యేసింది. "ఒక్కటుంది. ఈయన. పెళ్ళయిన కాడికెల్లి గోలిస్తనే ఉన్న, పోతలేదు," అని తెలుగులో నాతో అని, మళ్ళీ ఇంగ్లీషులో అందరికీ అనువదించింది.

అంచేత పాఠక మహాశయులారా, మా వంటింటి నెయ్యి డబ్బా మీద చెయ్యేసి, డెనిస్ తీగ వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ హాప్స్‌ను బాండీ ఛాయలకి రానివ్వను, ఒకరు ప్రేమగా ఇచ్చినదాన్ని బాగుచెయ్యబోను, భార్య ఫోన్ చూస్తూ ఇచ్చిన సలహా పాటించను. చివరిది సుజాతకి చదివి వినిపించాను. ఫోన్ చూస్తూనే "మంచిగుంది, అట్లనే రాయి" అంది.