డ్యూటీ అప్పజెప్పే వరసలో ఓ మాన్యువల్

2007లో నేను ఇందిరాపురంలో ఉంటూ నోయిడాలో టెక్నికల్ రైటర్‌గా పనిచేసేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాయడం నా పని. సెలవుల్లో ఒక ఓపెన్ సోర్స్ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి ఊరికే రాసిపెట్టేదాన్ని. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాని మాన్యువల్ కూడా అలా తలా ఒక చెయ్యి వేసి రాసిందే.

ఆ సాఫ్ట్‌వేర్‌ని ఫరీదాబాద్‌లోని ఓ చిన్న ఆసుపత్రిలో పెట్టించింది నర్సింగ్ ఇన్‌ఛార్జి కరుణ ఆంటీ. బాపట్ల ఆవిడ. చర్చిలో పరిచయం. ఓ ఆదివారం ప్రార్థన అయ్యీ అవగానే నన్ను పట్టుకుని దులిపేసింది.

"ఏమ్మాయ్, ఆ పుస్తకం రాసింది మీరేనా? ఒక చాప్టర్లో జాగ్రత్తలు ముందు, ఇంకోదాంట్లో చివర్న! మా వార్డులో సిస్టర్ పిల్ల డిశ్చార్జి నొక్కేశాక చదివింది, ముందు మందుల లిస్టు సేవ్ చెయ్యాలని. నెలాఖరుకి దార్లో పడకపోతే ఈ సాఫ్ట్‌వేరే తీసేస్తానంటున్నారు డైరెక్టర్ గారు. పట్టుబట్టి తెప్పించింది నేను. నా పరువేం కావాలి?"

నాకు ఒళ్లు మండింది, ఆవిడ చెప్పింది నిజమైనందుకు. శనివారం ఆసుపత్రికి వెళ్లాను. డ్యూటీ మారే వేళ. దిగిపోయే సిస్టర్ ప్రతి మంచం దగ్గరా ఆగి, వచ్చే సిస్టర్‌కి అప్పజెబుతోంది. దీన్ని హ్యాండోవర్ అంటారు. పేషెంట్ ఎవరు, ఏం జాగ్రత్త, ఏం చేశారు, ఏం మిగిలింది. పక్క వార్డులో మలయాళీ సిస్టర్‌దీ అదే వరస.

"ఎవరు చెప్పినా ఇంతేనా ఆంటీ?"

"మరి? ఒక్కోళ్లు ఒక్కో రకంగా చెప్తే పేషెంట్ గతేంటి? ముందు టీ తాగు."

టీ సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తాను. చాప్టర్లన్నీ ఆ వరసలోకే, జాగ్రత్త ముందు, చేసే పని తర్వాత వచ్చేలా మార్చి, రచయితలందరం మాట్లాడుకునే మెయిలింగ్ లిస్ట్‌లో పెట్టాను. పెద్ద రభస! "నా చాప్టర్ నా ఇష్టం" అన్నాడొకాయన.

"చాప్టర్ మీదే. పేషెంట్ బాధ్యత మాత్రం సిస్టర్‌ది" అని రాశాను. చివరికి, ఫరీదాబాద్‌లో వాడి చూశాకే నిర్ణయిద్దామని ఒప్పుకున్నారు.

పరీక్ష రోజు డైరెక్టర్ కొత్తగా చేరిన సిస్టర్‌ని కూర్చోబెట్టి, మార్చిన పుస్తకం చూసి డిశ్చార్జి చేయమన్నారు. కరుణ ఆంటీ ఏదో అందించబోతే ఆ అమ్మాయి ఆపేసింది. "దీదీ, ఆప్ రహ్నే దీజియే," మీరుండండి అక్కా అంది. పేజీ మొదట్లో ఉన్న జాగ్రత్త చదివి, మందుల లిస్టు సేవ్ చేసి, అప్పుడు డిశ్చార్జి నొక్కింది. డిశ్చార్జి కాగితం మందులతో సహా సరిగ్గా ప్రింటయింది.

"ఠీక్ హై, ఇదే ఉండనివ్వండి" అన్నారు డైరెక్టర్. ఆంటీ నన్ను అందరి ముందే గట్టిగా వాటేసుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వారమే రభస చేసినాయన తన చాప్టర్ని కొత్త వరసలో ఇంకా బాగా రాసి పంపాడు.

ఇప్పటికీ ఏం రాసినా, నా తర్వాత డ్యూటీకి వచ్చే మనిషి ఎదురుగా నిలబడి వింటున్నట్టే రాస్తాను.