నురగక్క చేతులు

పార్లర్‌కి వచ్చేవాళ్ళంతా మా అక్కను నురగక్క అని పిలిచేవారు. పదహారేళ్ళు ఆమె చేసిన పని ఒక్కటే. వెనక్కి వాలే కుర్చీలో పడుకున్నవాళ్ళ మెడ బేసిన్ గాడిలో ఆనించి, తల తడిపి, షాంపూ పట్టించి, రుద్ది, కడిగి, తువాలు చుట్టి, కత్తెర పట్టేవాళ్ళకు అప్పగించడం. జుట్టు కత్తిరించడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమె అడగనూ లేదు. సెలవురోజుల్లో ముప్పై తలలు. అందులో సగంమంది అక్క వేళ్ళ కింద నిద్రపోయేవారు. ఒకావిడ గురక పెడుతుంటే లేపబుద్ధికాక, కుళాయి కట్టేసి, ఆవిడ లేచేదాకా తల పట్టుకుని నిలబడిందట.

బావ పోయాక అక్క మా ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో ఉండేది. సాయంత్రం రాగానే అరచేతులు పైకి పెట్టుకుని కూర్చునేది, ఎవరివో చేతులు దాచిపెట్టమని తనకిచ్చినట్టు. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లి లోపలి ఎరుపు కనిపించేది. అన్నం కలపలేక చెంచాతో తినేది.

"దొరసానిలా చెంచా పట్టారేంటి వదినా?" అనేవారు మా ఆయన.

"ఊళ్ళోవాళ్ళందరూ నా ముందు తల వంచుతారు మరిదిగారూ, ఆమాత్రం దర్జా ఉండొద్దా?" అనేది.

చర్మం డాక్టరు చూసి, షాంపూ మానెయ్యమన్నాడు.

"నేను పెట్టుకునేది నెలకి రెండుసార్లేనండీ."

"మీ తలకి కాదమ్మా, మీ చేతులకి. మీకు షుగరు కూడా ఉంది. పుండు పడితే మానదు."

రబ్బరు తొడుగులు వేసుకుని చూసింది. జుట్టు లాగుతోందని కుర్చీలో వాళ్ళు కేకలు పెట్టారు. అప్పుడు, కుంకుడుకాయలతో కడుగుతాను, ఒప్పుకున్నవాళ్ళకే కడుగుతాను అని పార్లర్ మేడంని అడిగింది. మేడం ఒప్పుకుంది. "నీ చేతుల కోసం కాదు, ఈమధ్య జనం ఇలాంటివే అడుగుతున్నారు" అని మాత్రం గట్టిగా చెప్పింది.

ఆ రసం చేసేదాన్ని నేను. చిట్లిన చేతులతో అక్క పిసకలేదు. పొద్దున్నే కాయలు రాయితో చితక్కొట్టి, గింజలు ఏరి, వేడినీళ్ళలో నానేసి, పిసికి, పలచటి గుడ్డలో మూడుసార్లు వడగట్టాలి. ఒక్క రేక మిగిలినా జుట్టులో చిక్కుకుంటుంది. నిలవుంచితే పులిసి కంపు కొడుతుంది, అందుకని ఏ రోజుది ఆ రోజే. చితక్కొట్టేప్పుడు లేచే పొడికి తుమ్ములు, చుక్క పడితే కళ్ళు మంటలు. "ఏదో ఒకరోజు ఇల్లు నురగలో కొట్టుకుపోతుంది. పోయేముందు నన్ను లేపండి చాలు" అనేవారు మా ఆయన.

మూడో నెలకి అక్క వేళ్ళ మీద కొత్త చర్మం వచ్చింది, పలచగా, గులాబీ రంగులో. ఒక ఆదివారం నా తల్లో తెల్లవెంట్రుక పీకి, వేళ్ళ మధ్య అటూఇటూ దొర్లించి, "వెంట్రుక తెలుస్తోందే!" అంది. అన్నేళ్ళు తలలు రుద్దిన మనిషికి వెంట్రుక తెలియడం ఎప్పుడో మానేసిందని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు చేత్తో అన్నం కలుపుకుని తిన్నది. రెండుసార్లు పెట్టించుకుంది.

కుంకుడు కావాలనేవాళ్ళు పెరిగారు. ఒక గిన్నె చాలేది, రెండు బిందెలైంది. నా కుడిభుజం పైకి లేవడం మానేసింది. ఒకరోజు పొద్దున వడగట్టే గుడ్డ బిందెలోకి విసిరికొట్టాను.

"నావల్ల కాదక్కా. నా చేతులు పడిపోతున్నాయి."

అక్క నా చేతులకేసి చూసింది. "సరేలే" అంది.

రెండు రోజులకి, మేడం గ్రైండరు కొన్నదనీ, అక్కడే చేసుకుంటున్నామనీ చెప్పింది. కుంకుడుకాయ గ్రైండర్లో వేస్తే నురగ పొంగి మూత ఎగిరిపోతుంది. అది నాకు తెలుసు. అయినా అడగలేదు. పొద్దున్నే ఇంకాసేపు పడుకోవడం హాయిగా ఉంది. కొన్నాళ్ళకి అక్క మళ్ళీ చెంచా తీసింది. మెతుకులు చేతికి అంటుకుంటున్నాయంది. అదీ నమ్మాను.

ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే జారవిడిచింది. చెయ్యి పట్టుకుని చూశాను. మధ్యవేలు వాచి నిగనిగలాడుతోంది. సందులన్నీ తెరుచుకుని ఉన్నాయి.

"గ్రైండరు లేదా అక్కా?"

"ఏ గ్రైండరే?" అంది, తను చెప్పిన అబద్ధం తనే మర్చిపోయి.

అప్పుడు చెప్పింది. మేడం పెద్ద డబ్బాలు తెప్పించిందట, పైన ఆకుపచ్చ కాగితం, దాని మీద కుంకుడుకాయల బొమ్మ. అది మామూలు షాంపూయేనని మొదటి తలకే అక్కకు తెలిసిపోయింది. కుంకుడు నురగ అంత తెల్లగా ఉండదు, అంతసేపు నిలవదు. మేడంతో అంటే, "డబ్బా మీద రాసింది చదవడం వచ్చా నీకు?" అందట.

"చదవడం రాదు మేడం. చేతులకి తెలుస్తుంది."

"అయితే ఆ చేతులు ఇంట్లో పెట్టుకో."

"ఎందుకు మానెయ్యలేదక్కా?" అన్నాను.

"మానేసి ఏం చెయ్యను? నాకొచ్చింది తలలు కడగడమేగా."

మర్నాటికి మోచేతి దాకా ఎర్రగీత పాకింది. ఆసుపత్రిలో, వేలు తీసెయ్యాలి, కాగితం మీద వేలిముద్ర వెయ్యండి అన్నారు. అక్క రెండో చేతి బొటనవేలు సిరాలో ముంచి వేసింది. గీత ఒక్కటీ పడలేదు, నల్లటి మరక మాత్రం పడింది. "సరిగ్గా నొక్కమ్మా" అన్నాడు గుమాస్తా. మూడుసార్లు వేసింది. మూడూ మరకలే. చివరికి కాగితం నా ముందుకు తోశాడు. నాకు రాయడం వచ్చింది నా పేరు ఒక్కటే. "బాధ్యులు" అని ఉన్నచోట అది రాయించాడు.

"ఏ వేలంటా?" అని అడిగింది అక్క. చెప్పాను. "పోనీలే, చూపుడువేలు కాదుగా. వెంట్రుక దానికే బాగా తెలిసేది" అంది.

వేలు తీశారు. మర్నాడు చెయ్యి కూడా అన్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం అక్క పోయింది. రక్తమంతా విషమైందన్నారు.

నెల తిరిగాక ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తలకి మెత్తటి గుడ్డ కట్టుకుంది. బళ్ళో టీచరట. తల నిండా పుళ్ళు, ఏ షాంపూ పడదట, కుంకుడు మొదలుపెట్టాకే తగ్గాయట.

"ఆకుపచ్చ డబ్బా వచ్చిన రోజున నురగక్క నా చెవిలో చెప్పిందమ్మా, 'ఇది వద్దు టీచరుగారూ, ఇవాళ్టికి ఉత్త నీళ్ళతో కడుగుతాను' అని. తర్వాత వెళ్ళినప్పుడల్లా నాకు ఉత్త నీళ్ళే. ఎవరికీ తెలియకుండా నురగ మాత్రం తన చేతులకి పూసుకునేది, మేడం చూస్తే షాంపూ పెట్టినట్టే ఉండాలని."

ఆవిడ తలగుడ్డ సర్దుకుంది.

"ఆ రసం చేసింది మీరేనట కదా. నాకు వారానికి ఒక గిన్నె చేసిస్తారా?"

ఒక గిన్నె. చెయ్యగలను. భుజం ఇప్పుడు బాగానే లేస్తోంది. అక్కకి మానేసింది ఇంకొకరికి చెయ్యబుద్ధికాక, చెయ్యలేనన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, వెళ్ళిపోయింది.