ఏడూ ఎనిమిదీ

మొన్న మా అన్నయ్య కూతురికి కూడికలు నేర్పుదామని పేక తీశాను. ముక్కలు జారడానికి కాస్త పౌడరు చల్లగానే, ఆ వాసనకి కొవ్వూరులో మా ట్యూషన్ వరండా గుర్తొచ్చి సిగ్గేసింది.

నాకప్పుడు ఏడేళ్లు. టీచరుగారు పేకలోంచి రాజుల్నీ రాణుల్నీ జాకీల్నీ తీసేసి, మిగిలిన ముక్కలు రెండేసి పరిచేవారు. మొత్తం సరిగ్గా చెప్పినవాళ్లకే ఆ ముక్కలు. ఆవిడ ఏడూ ఎనిమిదీ చూసి "పద్నాలుగు" అనేవారు. "కాదండీ, పదిహేను!" అని నేను ముక్కలు లాగేసుకునేవాణ్ణి. పాపం, రోజూ ఓడిపోయేవారు.

జాలిపడి ఊరుకోవచ్చుగా. కుళాయి దగ్గర నలుగురూ వినేలా అమ్మకి చెప్పాను. "మా టీచరుగారికి కూడికలే రావు."

"చదువుకి పంపితే పేకాట ఆడిస్తుందా? పైగా కూడికలు కూడా రావా?" అంది అమ్మ. నాతోపాటు ఇంకో నలుగురు మానేశారు. ఆవిడకి ఆ ట్యూషనే ఆధారం. నెల తిరిగేసరికి వరండా ఖాళీ.

తర్వాత ఓసారి వీధిలో ఎదురై, "ఏడూ ఎనిమిదీ ఎంత నాన్నా?" అని అడిగారు.

"పదిహేనండీ."

"శభాష్" అని నా తల నిమిరి వెళ్లిపోయారు. ఈవిడ ఇంకా నేర్చుకోలేదన్నమాట అనుకున్నాను.

మొన్న నేను ఆరూ ఏడూ పరిచి, కావాలనే "పన్నెండు" అన్నాను. పిల్ల ఎగిరి గంతేసింది.

"పదమూడు! అమ్మా, బాబాయికి కూడికలు రావు!"

అరుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది. చెప్పుకోనీ. నేనేం ట్యూషన్లు చెప్పుకుని బతకడం లేదుగా.