దానియేలు సారు పోగొట్టని టార్పీడో

మొన్న పొద్దున్న మా ఆవిడ కుక్కరు మూతకి కొత్త రబ్బరు తెచ్చి, ఎక్కించి పెట్టమని నా చేతికిచ్చింది. కవరు చించగానే గుప్పున వాసన కొట్టింది. కొత్త రబ్బరు వాసన. అంతే, నాకు చేతులాడలేదు. విజయనగరంలో మా వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన నిలబడి ఉన్నవాణ్ణి, పాతికేళ్ళు వెనక్కి, నేవీ టార్పీడో స్కూలు షెడ్డులోకి వెళ్ళిపోయాను. "రబ్బరు ఎక్కించమంటే అలా గుడ్లప్పగించి సూస్తారేటి?" అని ఆవిడ విసుక్కుంది. ఏమని చెప్పను? దానియేలు సారు పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయనెవరో మీకు తెలియదు. మా బ్యాచ్ వాళ్ళకీ, నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర ఆయన ఊరివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఊరివాళ్ళకి తెలిసింది కూడా తప్పే. ఆ తప్పు నాది కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది బొబ్బిలిలో కిరాణా కొట్టు. ఇంటర్ తప్పి, నాన్న చేత తిట్లు తినలేక నేవీలో చేరాను. మొదటి శిక్షణ అయ్యాక, నీళ్ళ కింద దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే టార్పీడోల పని నేర్పే స్కూలుకి పంపారు. మొదటిరోజు షెడ్డులో వరసగా నిలబెట్టి పేరూ ఊరూ అడుగుతుంటే, నేను హిందీలో తడబడ్డాను. ఎదురుగా ఉన్న మా శిక్షకుడు, పెటీ ఆఫీసరు దానియేలు, నల్లగా, పొట్టిగా, చేతులు మాత్రం మనిషికి మించి పెద్దవి, నన్ను ఎగాదిగా చూసి గొంతు తగ్గించి, "ఏ ఊరురా నీది?" అన్నాడు. బొబ్బిలన్నాను. "మరి సెప్పవేటిరా! మనది నౌపడ. మనోడివని సుళువుగా వొగ్గీస్తాననుకోకు. నీకే రెండు ఎక్కువ పడతాయి" అన్నాడు. అన్నమాట ప్రకారం మొదటి నెలంతా నాకు రెండు ఎక్కువే పడ్డాయి. అయినా ఆ ఊరు కాని ఊళ్ళో 'ఏటిరా' అన్న ఆ ఒక్క పిలుపు కోసం ఎన్ని తిట్లయినా పడొచ్చనిపించేది.

పాఠం చెప్పడంలో ఆయనకి ఆయనే సాటి. పుస్తకం తెరిచేవాడు కాదు. "పూర్వం తెల్లోళ్ళ దేశంలో, పనికిరాని పాత ఓడనొకదాన్ని ఒడ్డున కట్టీసి, దాన్నే ఫిరంగులోళ్ళకి బడి సేసీసినారు. టార్పీడో వొచ్చిన కొత్తలో మనకి వేరే బడేది? ఆ ఫిరంగులోళ్ళ పంచనే ఓ మూల పడుండీవోళ్ళం. తరవాత అన్నదమ్ములు వేరు పడ్డట్టు వేరు కాపురం పెట్టీసినాం" అని నవ్వించేవాడు. ఫిరంగులు నేర్పే గన్నరీ స్కూలు వాళ్ళు మమ్మల్ని నీళ్ళలో చేపలు వదిలేవాళ్ళని వెక్కిరిస్తే, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఆళ్ళ గుండు ఎల్లిందంటే ఎల్లిపోయిందే. మనది ఎల్లి, తిరిగి రావాల. తిరిగి రప్పించడం నేర్పడానికే ఈ బడి." శిక్షణలో వాడే టార్పీడోలో పేలుడు మందు ఉండదు. పరుగు అయిపోగానే పైకి తేలాలి, పడవలో వెళ్ళి దాన్ని పట్టుకురావాలి. లోపలికి నీళ్ళు చేరితే మాత్రం తేలదు, మునిగిపోతుంది. అందుకే ప్రతి మూతకీ రబ్బరు రింగు ఉంటుంది. మూత ఎన్నిసార్లు తెరిస్తే అన్ని కొత్త రింగులు వెయ్యాలి. పాతది మళ్ళీ వెయ్యకూడదు. ఒకడు వేస్తే, పైవాడు చూసి సంతకం పెట్టాలి.

చూడటమంటే ఆయన లెక్కలో కళ్ళతో చూడటం కాదు. మా కళ్ళకి తువ్వాలు కట్టి, కొత్త రింగూ పాత రింగూ చేతిలో పెట్టి, ఏది ఏదో చెప్పమనేవాడు. గ్రీజు రాస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. కానీ పాతదాన్ని వేళ్ళ మధ్య తిప్పితే ఒకవైపు నొక్కుకుపోయి చదునుగా తగులుతుంది. "కళ్ళు మోసం సేస్తాయిరా రమణా. సెయ్యి సెప్తాది. సేత్తో ముట్టుకోకుండా సంతకం పెట్టినోడు మడిసి కాడు" అనేవాడు. వారం తిరక్కుండా నాకు పట్టుబడింది. పదికి పది చెప్పేసరికి ఆయన అందరి ముందూ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకు ఎంత గర్వమో! ఆ గర్వమే మా ఇద్దరి కొంపా ముంచింది.

కోర్సు చివర్లో మేం తయారుచేసిన టార్పీడోని సముద్రంలో ప్రయోగించే రోజు వచ్చింది. ముందురోజే రింగులన్నీ వేసి, సారు ఒక్కొక్కటీ చేత్తో చూసి, మూతలు బిగించాం. తీరా పొద్దున్న, పడవ బయలుదేరడానికి కాసేపటి ముందు, ఒక మీటరు సరిగ్గా పనిచెయ్యడం లేదని వెనక మూత మళ్ళీ తెరవాల్సి వచ్చింది. మీటరు సరిచేశాం. కొత్త రింగు కోసం స్టోరుకి వెళ్ళాలి. స్టోరు ఆ చివరన ఉంది. కింద పడవవాళ్ళు కేకలేస్తున్నారు. పాతదేమిటి, నిన్న వేసిందేగా అనుకున్నాను. తుడిచి, గ్రీజు రాసి, అదే వేసేశాను. సారు హడావిడిగా వచ్చాడు. "కొత్తదేనా?" అన్నాడు. "కొత్తదే సార్" అన్నాను. ఆయన చెయ్యి మూత మీదికి వచ్చి ఆగింది. నా మొహం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని సంతకం పెట్టేశాడు. సర్వీసులో ఎన్నడూ చెయ్యని పని నా మీది నమ్మకంతో చేశాడు.

టార్పీడో వదిలారు, పరుగు బాగానే తీసింది. అది తేలాల్సిన చోట మా పడవ గుండ్రంగా తిరిగింది. టార్పీడో ఎర్ర ముక్కు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని అందరం చూస్తున్నాం. అరగంట అయింది, గంట అయింది. ఏమీ లేదు, నీళ్ళు తప్ప. సారు పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి నా పక్కకి వచ్చి, మెల్లగా, "ఒరే, పాతదా?" అన్నాడు. నేను తలూపాను.

రెండురోజుల తర్వాత విచారణ పెట్టారు. తలుపు బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. నేవీ నుంచి పంపేస్తారు, బొబ్బిలి వెళ్ళి కొట్లో పప్పులు తూచుకోవాలి, నాన్న మొహం ఎలా చూడాలి అని ఏడుపొచ్చేస్తోంది. సారు నా వైపు తిరక్కుండానే చెప్పాడు. "రింగు నాను ఏసినాను. నువ్వు లైటు పట్టుకున్నావు. తెలిసిందా?" అదేంటి సార్ అన్నాను. "ముట్టుకోకుండా సంతకం పెట్టింది నాను కాదేటి? నోరు మూసుకో. ఎవులికీ సెప్పకు. ఇది ఆర్డరు." లోపలికి వెళ్ళి అలాగే చెప్పాడు. నేనూ లైటు పట్టుకున్నాననే చెప్పాను. బయటికొచ్చాక నాకు కలిగింది బాధ కాదు. సంతోషం! బతికిపోయానన్న సంతోషం. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆయనకి రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. టార్పీడోలు ముట్టుకోనివ్వకుండా స్టోరులో వేశారు. రెండేళ్ళు చూసి, ఉద్యోగం వదిలేసి ఊరెళ్ళిపోయి, నీటి మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నేను మెట్టు మెట్టు ఎక్కాను. చివరికి ఆయన నిలబడిన ఆ షెడ్డులోనే నిలబడి, కుర్రాళ్ళ కళ్ళకి తువ్వాళ్ళు కట్టి, ఆయన మాటలే ఆయన పేరు చెప్పకుండా చెప్పాను. ఆ ఊరి నుంచి వచ్చిన ఒక నావికుడు ఓసారి నవ్వుతూ చెప్పాడు, షాపుకొచ్చినవాళ్ళు ఆయన్ని ఆటపట్టిస్తారట. "రింగు బాగా బిగించు దానియేలూ, సముద్రంలోది కాదు, ఇది నా మోటారు" అంటారట. ఆ మాటలు పడలేక కొడుకు షాపులో కాలు పెట్టడం మానేశాడట. విన్నాను. విని ఊరుకున్నాను. ఆర్డరు కదా.

రిటైరై విజయనగరం వచ్చేశాక, సారుకి ఒంట్లో బాగాలేదని తెలిసి, పోయినేడు వానల్లో వెళ్ళాను. మంచంలో చేతులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన భార్య కరుణమ్మ గారు టీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఈళ్ళకి సెప్పినావేటి, రమణా?" అన్నాడు.

"లేదు సార్. ఎవరికీ చెప్పలేదు. మీ ఆర్డరు" అన్నాను, మంచి పని చేసినవాడిలా.

ఆయన నా మణికట్టు వదిలేశాడు. "సరేలే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మాట నిలబెట్టుకున్నానని సంతోషించాడనే అనుకుంటూ బస్సెక్కాను.

పన్నెండు రోజులకి కబురొచ్చింది. వాళ్ళ మిషన్ చర్చిలో, సమాధికి తీసుకెళ్ళే ముందు, పోయినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. పాస్టరు గారు, నేవీ నుంచి వచ్చినాయన ఉన్నారట, రెండు మాటలు చెప్పాలన్నారు. లేచాను. కొడుకు ముందు వరసలో తల దించుకుని ఉన్నాడు. మంచి మాటలు నాలుగు సిద్ధం చేసుకున్నాను, అవి వదిలేశాను. "ఆ రింగు వేసింది నేను" అన్నాను. అంతా చెప్పేశాను. స్టోరు దూరం, గ్రీజు, లైటు, బెంచీ, అన్నీ. మోటార్ల మాటలు అన్నవాళ్ళు కూడా అక్కడే ఉండుంటారు. కొడుకు తలెత్తి శవపెట్టె వైపు చూసి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అంతా అయ్యాక కరుణమ్మ గారి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. తిట్టమ్మా అన్నాను. ఆవిడ తిట్టలేదు.

"మొన్న వొచ్చినప్పుడు సెప్పలేకపోనావా బాబూ?" అంది.

"ఎవరికీ చెప్పొద్దని ఆయన ఆర్డరమ్మా."

"ఆయన యూనిఫారం ఇప్పి ఇరవయ్యేళ్ళు దాటిపోనాది. ఇంకా ఆర్డరేటి బాబూ?" అంది. "నువ్వొచ్చి ఎల్లినాక ఆయన అన్నం ముట్నేదు. ఏటయ్యిందంటే, 'రమణ సెప్పీసుంటాడనుకున్నానే' అన్నాడు. నువ్వు ఏటి సెప్పాలో నాకప్పుడు తెల్నేదు."

ఆర్డరు మీరలేక నోరు మూసుకున్నానని పాతికేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నా భయానికి నేను తొడిగిన యూనిఫారం. ఆయన కొడుకు నన్ను క్షమించానన్నాడు, ఫోన్ చేస్తుంటాడు, మంచి కుర్రాడు. కానీ ఆ మంచం పక్కన, ఆయన నా మణికట్టు పట్టుకుని అడిగినప్పుడు, పక్క గదిలోనే ఉన్న కరుణమ్మ గారిని ఒక్కసారి పిలిచి ఉంటే సరిపోయేది. నేను పిలవలేదు.