ఇరాక్ ఆపేసిన మా సెమీఫైనల్

పాతికేళ్లుగా మా ఆవిడకి ఒకటే చెబుతున్నాను. తొంభైలో ఇక్కడ కువైట్‌లో మా స్కూలు ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్‌కి వచ్చింది, గోల్స్ కొట్టేవాణ్ణి నేనే, సెలవులయ్యాక మ్యాచ్ అనగా ఇరాక్ సైన్యం దిగిపోయింది, లేకపోతే కప్పు మాదేనని.

ఈ రోజు ఇక్కడి షర్క్ పేటలోని చేపల మార్కెట్లో చందువాలు బేరమాడుతుంటే ఒక బట్టతలాయన వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఆ సెమీస్‌లో మాతో ఆడాల్సిన పెద్ద స్కూలు కెప్టెన్, కడప రమణ. సంబరంగా మా ఆవిడకి పరిచయం చేసి, "ఆ సెమీస్ సంగతి నువ్వే చెప్పు" అన్నాను. బుద్ధి తక్కువై.

"యాడి సెమీస్ అక్కా. ఉండిందే నాలుగు టీములు, అందరూ సెమీసే. మా స్కూల్లో వెయ్యి మంది పిల్లోళ్లు, వీళ్లకి కష్టంమీద పదకొండు మంది. లీగు మ్యాచ్‌లో వీళ్లకి పద్నాలుగు గోల్స్ కొట్టినాం. పాపం, గోల్‌కీపర్ ఈయప్పే."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చేపల వైపు చూశాను.

 ఇంటికొచ్చి కారు దిగుతూ అంది: "అయితే ఆ యుద్ధంలో బాగుపడింది మీరొక్కరేనన్నమాట."

మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి కప్పులుంటే, సాక్షి ఎదురుపడక ముందే ఇక్కడ ఒప్పేసుకోండి.